సున్నాలు కొలిచే పని

పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
ముఖానికి ముప్పై ఏడు డిగ్రీల ఊపిరి తగులుతుంది,
మనిషి ఒంటి వేడి ఎంతో అంతే.
నల్లకుంటలో మా ల్యాబు. కింద జిరాక్స్ షాపు,
పైన నేనూ, ఫ్రిజ్జూ, ఒక టేబుల్ ఫ్యానూ.
దానికి గాలి తక్కువ, చప్పుడెక్కువ.

మొన్న వచ్చిన డబ్బాల్లో ఒకటి
బాలమణి, నలభై మూడేళ్లు.
ఎవరికీ కనపడొద్దని
టికెట్ల కాగితం చుట్టి ఇచ్చింది.
కాగితం నిండా ఆడవాళ్ల టికెట్లే, ధర సున్నా.

కండక్టరట. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం, మళ్లీ వెనక్కి.
మొదటి ధార వదిలేసి మధ్యది పట్టమన్నాను.
"మధ్యదంటే ఏందమ్మా, వచ్చేదే నాలుగు చుక్కలు.
మిరపకాయ నూరిన చెయ్యి కంట్ల పెట్టుకున్నట్టున్నది.
కన్ను కాదు, గంతే తేడా."
తనే నవ్వింది. నేను కాసేపయ్యాక నవ్వాను.

నీళ్లు తాగరా?
"తాగితే పోవాలె. యాడికి పోవాలె?
ఈ చివర్న ఉన్నదానికి తాళం,
ఆ చివర్న ఉన్నదానికి తలుపే లేదు.
మగోళ్లకేంది, హైదరాబాద్ నిండ గోడలే."

తెల్లారి ప్లేటు తీసి దీపం కింద పెట్టాను.
గులాబీ రంగు చుక్కలు
ఒకదాన్నొకటి తోసుకుంటూ,
సాయంత్రం ఆరింటి బస్సులా.
ఇ-కోలై.
పేగుల్లో ఊరికే పడి ఉండేది,
అక్కడున్నంతసేపు ఎవరి జోలికీ రాదు.
రెండంగుళాల దారి దాటితే చాలు
(ఆడవాళ్లకి ఆ దారి అంత పొట్టి)
సన్నటి వెంట్రుకల కొక్కేలతో మూత్రాశయం గోడని పట్టుకుని
ఫుట్‌బోర్డు మీద కుర్రాళ్లలా వేలాడుతుంది.
ధార పారితే చాలామటుకు కొట్టుకుపోయేది.
పది గంటల డ్యూటీలో ఎవరు పారనిచ్చారు?

మూడో రోజు మందుల ప్లేటు.
మిరియపు గింజంత కాగితపు బిళ్లలు, ఆరు.
మందు పనిచేస్తే దాని చుట్టూ ఏమీ మొలవదు.
ఖాళీగా ఒక గుండ్రం.
దాన్ని స్కేలు పెట్టి కొలిచి రాస్తాను.
పన్నెండేళ్లుగా నా జీతం ఈ సున్నాల మీదే.

సిప్రో చుట్టూ సున్నా లేదు.
బిళ్ల అంచు దాకా మొలిచింది, దర్జాగా.
ఆంపిసిలిన్‌కీ లేదు.
అప్పుడు గుర్తొచ్చింది, పేరు రాసుకుంటూ అడిగినప్పుడు చెప్పింది:
"డిపో ఎదురుంగ మందుల షాపుల పిలగాడు ఇచ్చిండు.
రెండేసుకున్న, తగ్గింది. మిగిలినయి దాచిన.
మల్ల వస్తే రెండు.
మా చెల్లెకు వస్తే దానికి రెండు."
తిట్టాలనుకున్నాను. కానీ
మా ఇంట్లో ఫ్రిజ్ మీది స్టీలు డబ్బాలో
సగం తెగిన స్ట్రిప్పులు ఏడున్నాయి. అన్నీ నావే.

నైట్రోఫ్యురాంటోయిన్ దగ్గర స్కేలు ఆగింది.
ఇరవై మూడు మిల్లీమీటర్లు, శుభ్రంగా.
పాత మందు. మా అమ్మ కాలం నాటిది.
ఒళ్లంతా తిరగదు,
మంట ఉన్నచోటికే దిగి పని చూసుకుంటుంది.

డాక్టరమ్మ రాసింది: తిన్నాక పొద్దునొకటి, రాత్రొకటి, అయిదు రోజులు.
రిపోర్టుతో పాటు నా మాట కూడా ఇచ్చాను:
మూడో రోజుకే హాయిగా ఉంటుంది,
అక్కడే మోసపోతారు,
మిగిలిన నాలుగూ మింగాల్సిందే. చెల్లెలికి దాచొద్దు.
జ్వరమొచ్చినా నడుము పక్కన నొప్పొచ్చినా ఆగకుండా రండి.
ఇంకోటి, చాయ్ రంగులో వస్తుంది, భయపడకండి.
"ఇరానీ చాయా, మామూలుదా?"

రిపోర్టు మడిచి టికెట్ల సంచిలో పెట్టుకుంది.
నీళ్లు బాగా తాగండి, అన్నాను,
అంటూనే సిగ్గేసింది.
ఆమె సీసా మూత తీసి
నా ఎదురుగానే సగం తాగేసింది.
మూతి తుడుచుకుని అడిగింది,
"మీ తాన బాత్రూం ఉన్నదా?"

ఉంది. జిరాక్స్ షాపు వెనక.
తాళంచెవి నా డ్రాయర్లో ఉంటుంది.
బయటివాళ్లకి ఇవ్వొద్దని ఓనరు రూలు.
ఇచ్చాను.